సగం కూలి

మా మిరప కల్లం బొల్లాపల్లి రోడ్డు పక్కనే. పోయిన యేడు కాయ బాగా దిగింది. కోటప్పకొండ తిరునాళ్ళకి పొయ్యిన జనం ఇంకా ఇళ్ళకు చేరుతూనే ఉన్నారు, బస్సులన్నీ కిక్కిరిసి వొస్తున్నయ్. అట్టాంటి బస్సులోంచి మా మనవరాలు దీప్తి దిగింది. అందరి చేతుల్లో చెరుకుగడలు, పిల్లల బొమ్మలు. ఈ పిల్ల చేతుల్లో రెండు పెద్ద సూట్‌కేసులు. సెలవుకొచ్చే మనిషికి రెండెందుకు? నేను అడగలా. ఒకటి అందుకుని ఇంటికి నడిచా.

అన్నాల దగ్గర తనే చెప్పింది.

"నాన్నా, ఉద్యోగం మానేశా."

మా వాడు కోటేశ్వరరావు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఇంకోటి చూసుకున్నావా?"

"చూసుకున్నా."

"ఏం కంపెనీ?"

"కంపెనీ కాదు. స్టేజీ మీద నిలబడి మాట్టాడతా. కామెడీ. జనం టిక్కెట్టు కొనుక్కొచ్చి వింటారు."

కోడలు రామలక్ష్మి పప్పు గరిట పట్టుకుని అట్టానే నిలబడింది. "నాటకమా అమ్మా?"

"నాటకం కాదమ్మా. వేషం ఉండదు. నేనొక్కదాన్నే."

"వేషం లేకపోతే ఎందుకు నవ్వుతారే?"

"అదే నేర్చుకుంటన్నా."

నాకు నవ్వొచ్చింది. మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నా. మా వాడికి రాలా.

"ఇంజనీరు చదివించింది ఇందుకా? ఈసారి మళ్ళీ సర్పంచికి నిలబడతన్నా. నా కూతురు ఇంజనీరని ఊరంతా చెప్పుకుని తిరుగుతన్నా. రేపు ఏమని చెప్పుకోవాల? నా కూతురు నవ్విస్తది, నాకు ఓటెయ్యండి అనాల్నా?"



"మళ్ళీ పిలవరా వాళ్ళు?" అని రామలక్ష్మి అడిగింది. ఆ పిల్లకి తల్లి దగ్గర అబద్ధం రాదు. ఉగాదిలోపు మనసు మార్చుకుంటే మళ్ళీ తీసుకుంటామన్నారని చెప్పేసింది.

"అయితే ఉగాదికి నువ్వు బెంగుళూరులో ఉంటావు," అన్నాడు మా వాడు. "లేదంటే ఈ గడప తొక్కమాక. నాకు కూతురు లేదనుకుంటా."

ఊరికే అనే మనిషి కాదు వాడు. పార్టీ మారాడని సొంత మేనమామతో చానా యేళ్ళ నుంచి మాటల్లేవు. ఎదురుపడితే మొహం తిప్పుకుని పోతాడు. కూతురితో కూడా అట్టా చెయ్యగలడని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

నాకు దసరా గుర్తొచ్చింది. దసరాకి వొచ్చినప్పుడు పిల్ల చిక్కి సగమయ్యింది. ఫోను మోగితే కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి పరిగెత్తేది. గోడకి మొహం పెట్టి 'సారీ సార్, సారీ సార్' అనేది. తిరిగొచ్చి కూచుంటే చెయ్యి వొణికేది, ముద్ద కలవదు. ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి నవ్వలా. ఇంజనీరంటే నాకు తెలిసింది కాలవ ఇంజనీరే. జీపులో వొచ్చి కట్ట మీద కుర్చీ వేయించుకుని కూచునేవాడు. ఈ ఇంజనీరు ఉద్యోగం అట్టాంటిది కాదని ఆ దసరాకి తెలిసింది.

ఇప్పుడు ఉద్యోగం లేదు. తండ్రి తిడతన్నాడు. అయినా పిల్ల గోంగూర రెండోసారి పెట్టించుకుంది.

"కాయలయ్యేదాకా ఉండనీరా," అన్నా. "కల్లంలో మనిషి తక్కువ."

నేను మాట్టాడితే మా వాడు కాదనడు. ఎప్పుడోగాని మాట్టాడను గనక.

మర్నాటి నుంచి దీప్తి కల్లానికి వొచ్చింది. ఎండిన కాయలో తెల్లబడ్డవి ఉంటయ్, తాలు అంటాం. ఎర్రకాయలో తాలు కలిసిందా, గుంటూరు యార్డులో సరుకు మొహం చూడరు. అందుకని టిక్కీలకి, అంటే గోనె బస్తాలకి, ఎత్తే ముందు, రేకుల షెడ్డు కింద ఆడకూలీలు వరసగా కూచుని తాలు ఏరతారు. ఘాటుకి ముక్కూ నోరూ గుడ్డతో కట్టేసుకుంటారు, కళ్ళు తప్ప ఏం కనపడవు. ఆ ముఠాకి మేస్త్రి జాన్‌బీ. మనుషుల్ని తెచ్చేదీ ఆమే, కూలి బేరమాడేదీ ఆమే, తిట్టేదీ ఆమే. అప్పుడు రంజాను నెల నడుస్తుంది. జాన్‌బీ రోజా ఉండేది గానీ, ఆమె నోరు మాత్రం ఉపవాసం ఉండేది కాదు.

దీప్తి వాళ్ళ మధ్య కూచుని, ఏరుకుంటా, ఆఫీసు సంగతులు మొదలుపెట్టింది.

"పొద్దున్నే పదిమందిమి గుండ్రంగా నిలబడతాం పిన్నీ. నిన్న ఏం పని చేశా, ఇయ్యాల ఏం పని చేస్తా అని ఒక్కొక్కరే చెప్పాల. నిలబడి మాట్టాడ్డం నాకు అప్పుడే అలవాటయ్యింది. కాకపోతే అక్కడ ఎవరూ నవ్వేవాళ్ళు కాదు."

ఇక్కడా ఎవరూ నవ్వలా. కాయల చప్పుడే.

కాసేపటికి జాన్‌బీ అంది: "అయితే పాపా, రేపు మేం కూడా లేచి నిలబడి, నిన్న తాలు ఏరాం, ఇయ్యాల తాలు ఏరతాం అని చెబుతాం. మీ తాత కూలి పెంచుతాడా?"

వరసంతా కిలకిలమంది. దగ్గొచ్చిందాకా నవ్వారు.

సాయంత్రం పిల్ల నా మంచం పట్టె మీద కూలబడింది. "తాతా, నవ్వారు గానీ, ఆ నవ్వు నాది కాదు. జాన్‌బీ పిన్నిది. ఆ గుడ్డలు కట్టుకుంటే నవ్వుతున్నారో లేదో కూడా తెలవట్లా."

"మొహాలు చూడమాక. చేతులు చూడు."

"చేతులా?"

"నవ్వొస్తే ఏరే చెయ్యి ఆగుద్ది."

ఆ తర్వాత చేతులే చూడటం మొదలుపెట్టింది. చేతులు ఆగకపోతే ఆ సంగతి మర్నాడు చెప్పేది కాదు. ఆఫీసు సంగతులు మెల్లగా పొయ్యినయ్. వాళ్ళమ్మ వీడియో కాలు సంగతి వొచ్చింది. రామలక్ష్మికి ఫోను ఎట్టా పట్టుకోవాలో తెలవదంట, ఆరు నెలలు అమ్మ నుదుటి బొట్టుతోనే మాట్టాడానని, ఒకసారి బొట్టు పెట్టుకోవడం మర్చిపోతే ఎవరితో మాట్టాడుతున్నానో అర్థం కాలేదని చెప్పింది. పది చేతులు ఒకేసారి ఆగినయ్. పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు నేను ఎక్కడో చూశా. అయిదేళ్ళప్పుడు సైకిలు వొదిలేస్తే పడకుండా పొయ్యింది, అప్పటి చూపు.

ఉగాది దగ్గరపడతా ఉంది. ఇంట్లో మా వాడు పిల్లతో మాట్టాడడు. "టిక్కెట్టు తీసుకుందా?" అని రామలక్ష్మిని అడుగుతాడు, పిల్ల ఎదురుగానే.

ఒక శుక్రవారం జాన్‌బీ అంది: "పాపా, ఇంట్లో వాళ్ళందరూ అయ్యారు. మీ నాన్న సంగతి ఒకటన్నా లేదే?"

దీప్తి రోడ్డు వైపు చూసుకుంది. మా వాడు బోరు దగ్గరికి పొయ్యాడు.

"పోయినసారి నాన్న ఓట్లకు తిరిగాడు కదా," అని మొదలుపెట్టింది. "తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఎనక యాభైమంది. ముసలాళ్ళు కనపడితే కాళ్ళకు దణ్ణం పెట్టాల, అది రూలు. మొదటి ఇంట్లో అరుగు మీద ఒక ముసలామె కూచోనుంది. నాన్న వొంగి కాళ్ళు పట్టుకున్నాడు. 'చల్లగా ఉండు నాయనా' అందామె. రెండో ఇంటికి పొయ్యాడు. అక్కడా ఒక ముసలామె. వొంగాడు. 'చల్లగా ఉండు నాయనా.' మొదటి ఇంట్లో ఆమే అది. వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలుపులకు తిరుగుతుంది. నాన్నది ఓట్ల తిరుగుడు, ఆమెది పిలుపుల తిరుగుడు. ఇద్దరిదీ ఒకే బజారు. నాన్న చుట్టూ తిరిగి రోడ్డెంట వొస్తన్నాడు, ఆమె దొడ్డిదారిన ముందే పోతంది. నాన్న మొహం చూస్తేగా? వొంగటం, కాళ్ళు పట్టుకోవటం, లేవటం. అన్నీ ముసలి కాళ్ళే, అన్నిటికీ పసుపే. మూడో ఇంటికి వొచ్చేసరికి ఆమె 'నాయనా, కుడి మోకాలు కూడా కాస్త...'"

ఇక చూడాల. జాన్‌బీ వెనక్కి పడింది. ఒకామె పక్కామె వీపు మీద బాదుతుంది. ఒకామె నవ్వుతుందో, ఏడుస్తుందో, ఘాటుకి తుమ్ముతుందో తెలవదు. నేను కర్ర తీసుకుని మేకల్ని తోలటానికి పొయ్యా. మేకలేం రాలా అప్పుడు.

బండి చప్పుడైంది. మా వాడు. దీప్తి నోరు మూసుకుంది. ఆడోళ్ళు తలలొంచి గబగబా ఏరారు. ఆ సాయంత్రం ఏరిన సరుకంతా టిక్కీలకెత్తి కుట్టేశాం. దాంతో ఆ యేడు ఏరుడు అయిపోయింది.

నవ్వొస్తే చెయ్యి ఆగుద్దని చెప్పా గదా. మరీ నవ్వొస్తే ఆగదు. ఎటుపడితే అటు పోద్ది. అది నాకూ అప్పటిదాకా తెలవదు.

సోమవారం పొద్దున లారీ వొస్తదని శనివారం మా వాడు టిక్కీలు చూసుకుంటన్నాడు. ఒకదాని మూతి కోసి చెయ్యి పెట్టాడు. గుప్పెట్లో ఎర్రకాయతో పాటు తెల్లకాయ. ఇంకోటి కోశాడు. అందులోనూ అంతే. శుక్రవారం ఎత్తినవన్నీ అంతే.

వాడు అరుస్తాడనుకున్నా. అరవలా. అదే భయమేసింది. గుప్పెట్లో కాయలు దీప్తి ముందు పోశాడు.

"నవ్వులాట అయిపోయింది గదా," అన్నాడు. "ఇయ్యాలే టిక్కెట్టు తీయి."

ఇరవై రోజుల తర్వాత కూతురితో వాడు మాట్టాడిన మొదటి మాట అది.

పిల్ల టిక్కీల కుట్లు ఇప్పి, సరుకు పట్టా మీద కుమ్మరించి, ఒక్కతే ఏరటానికి కూచుంది. రామలక్ష్మి కూడా కొంగు కట్టుకుని పక్కన కూచుంది. ఇద్దరు ఏరితే నాలుగైదు రోజులకి గాని తెమలదు.

"తాతా," అంది తల ఎత్తకుండా, "నాన్న అన్నది నిజమే. రేపు పోతాలే. పొయ్యి చేరతా."

దాని చెయ్యి చూశా. మళ్ళీ వొణుకుతుంది. దసరాకి చూసిన వొణుకే.

నేను మా వాడి బండెనక ఎక్కా. "పద, జాన్‌బీ దగ్గరికి."

జాన్‌బీ ఇంటి ముందు బియ్యం చెరుగుతుంది. సంగతి విని చాట కింద పెట్టింది.

"ఆదివారం ఎట్టా వొస్తారు కోటేశ్వర్రావన్నా? సగం మంది చర్చికి పోతారు. సగం మంది గుడ్డలు ఉతుక్కోవాల."

"చర్చి అయినాకే రండి. ఒక్క పూటకి పూర్తి కూలి ఇస్తా."

జాన్‌బీ తల అడ్డంగా ఊపింది. "తాలు కలిపింది మా చేతులే. కాదనను. చేతులు దారి తప్పింది మీ పిల్ల నోటివల్ల. అదీ కాదనకు. అందుకని సగం కూలి ఇయ్యి, చాలు."

మా వాడి మొహం తేటపడింది.

"మిగతా సగం మీ పిల్ల ఇయ్యాల. నిన్న ఆ కాళ్ళు పట్టుకునే సంగతి మూడో ఇంట్లో ఆగిపోయింది. తర్వాత ఏమైందే జాన్‌బీ, నీకన్నా తెలుసా అని ఒకటే ఫోన్లు నాకు. అది చివరిదాకా చెబితేనే వొస్తాం."

"ఏం కాళ్ళు?" అన్నాడు మా వాడు.

"నువ్వు పట్టుకున్నయ్యే."

వాడు నా వైపు చూశాడు. నేను జాన్‌బీ వాళ్ళ గోడ మీద బల్లిని చూశా. లారీకి బయానా ఇచ్చి ఉంది. వాడు సరేనన్నాడు.

ఆదివారం మధ్యాన్నానికి అందరూ వొచ్చారు. చర్చి చీరలు మార్చుకుని కొందరు, మార్చుకోకుండా కొందరు. షెడ్డు చివర మా వాడు వీపు ఇటు పెట్టి, దబ్బనంతో టిక్కీలు కుట్టటానికి కూచున్నాడు. ఏరింది ఏరినట్టు వాడి దగ్గరికి పోవాల.

దీప్తి నోరు తెరవలా.

"ఏమ్మా?" అంది జాన్‌బీ.

"నాన్న ఉన్నాడు పిన్నీ."

"ఉంటే? సగం కూలి ఎగ్గొడతావా? ఒసేయ్, లేవండే, పోదాం."

"చెప్పమను," అన్నాడు మా వాడు, ఎనక్కి తిరక్కుండానే. "ఒప్పుకున్న బేరం."

జాన్‌బీ ముఠాని హెచ్చరించింది. "చూడండే. నవ్వొస్తే రెండు చేతులూ పైకెత్తండి. నవ్వటం అయినాక దించి ఏరండి. మళ్ళీ తాలు కలిసిందా, మీ తాట తీస్తా."

పిల్ల మొదట తడబడింది. నాలుగో ఇల్లు చెప్పింది. ముసలామె కుడి మోకాలు అయ్యింది, ఎడమ మోకాలు చూపించింది. ఒకటి రెండు చేతులు లేచినయ్. అయిదో ఇంటికి గొంతు నిలబడింది.

"అయిదో ఇంట్లో నాన్న అప్పుడు తలెత్తి అడిగాడు, 'అమ్మా, ఓటు మనకే గదా?' అని. 'నాకు ఈ ఊళ్ళో ఓటు లేదు నాయనా, మాది కారెంపూడి' అందామె. 'మరి మొదటి ఇంట్లోనే చెప్పొచ్చు గదమ్మా?' అన్నాడు. 'కన్న కొడుకులే పట్టరు. వొచ్చి పట్టుకునేవాణ్ణి నేనెందుకు పొమ్మంటా?'"

చేతులన్నీ లేచినయ్. ఎర్రటి చేతులు, రేకుల దాకా. నవ్వు సద్దుమణిగింది. అప్పుడు అందరం షెడ్డు చివరికి చూశాం. మా వాడి వీపు కదల్లా. దబ్బనం ఆగిపోయి ఉంది.

"అయిదిళ్ళు కాదు," అన్నాడు మా వాడు.

జాన్‌బీ నోటి గుడ్డ కిందికి లాక్కుంది.

"ఏడు. చెప్పేదేదో సరిగ్గా చెప్పు. అయిదో ఇంట్లో నేనేం అడగలా. ఆరో ఇంటి దగ్గర గుర్తుపట్టా, ఆ కాలి కడియం చూసి. ఇదేంది, ఈ కడియం ఇందాక చూశానే అని."

"గుర్తుపట్టి?" అంది జాన్‌బీ.

"గుర్తుపట్టి ఏం చేస్తా? ఎనక యాభైమంది ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తన్నారు. వొంగకపోతే ముసలామెకి దణ్ణం పెట్టలా, అప్పుడే పొగరెక్కింది అంటారు. వొంగా. ఏడో ఇంట్లో నేను గేటు తీసేసరికే ఆమె కాళ్ళు చాపి కూచోనుంది."

ఇంకేముంది. దీప్తి చేతులు కూడా పైకి లేచినయ్. రామలక్ష్మి చేతులు లేచినయ్. గుర్తుపట్టే వొంగానన్న సంగతి ఇన్నాళ్ళూ ఆమెకి కూడా చెప్పలేదంట.

"ఇంతకీ ఎన్ని ఓట్లతో పొయ్యావన్నా?" అని ఎవరో అడిగారు.

"ఆరు," అన్నాడు మా వాడు, దబ్బనం మళ్ళీ గుచ్చుతా. "ఇంటికొకటి చొప్పున ఆమెకి ఓటుంటే గట్టెక్కేవాణ్ణి."

జాన్‌బీ కళ్ళు తుడుచుకుంది. "పాపా, నీ సగం కూలిలో సగం మీ నాన్నే ఇచ్చాడు."

వాడు నవ్వలా. కుట్టుకుంటానే ఉన్నాడు. కానీ కాసేపటికి, "ఆ బోరు సంగతి చెప్పావా వీళ్ళకి? నీళ్ళు పడకముందే కొబ్బరికాయ కొట్టింది?" అన్నాడు. చెప్పలేదంది పిల్ల. "మరి చెప్పు," అన్నాడు.

పొద్దుగూకే లోపల సరుకంతా అయ్యింది. మా వాడు బండి మీద పొయ్యి జాన్‌బీ రోజా విప్పటానికి ఖర్జూరాలు తెచ్చాడు. మిగతా వాళ్ళకి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. పొద్దస్తమానం మిరపకాయల్లో కూచున్న వాళ్ళకి మిరపకాయ బజ్జీలు తెచ్చే మనిషి ఓట్లెట్టా గెలుస్తాడని జాన్‌బీ అడిగింది.

సోమవారం సరుకుతో పాటు మా వాడూ లారీ ఎక్కాడు. అది కదిలేటప్పుడు కిందికి వొంగి దీప్తిని పిలిచాడు.

"ఆ కంపెనీ వాడికి రాయి, రానని. మర్యాదగా రాయి. రేపు యాడన్నా ఎదురుపడతారు."

"సరే నాన్నా," అంది పిల్ల.

లారీ మలుపు తిరిగిందాకా అక్కడే నిలబడింది. నేను పట్టాలు మడతేసుకుంటా ఉండిపొయ్యా. గుండెల మీద ఇన్నాళ్ళూ ఏదో కూచోనుంది, అది లేచి పొయ్యింది. పట్టాలు ఎత్తితే తేలిగ్గా ఉన్నయ్.

ఉగాది అయిన వారానికి దీప్తికి విజయవాడలో ఒక కాఫీ హోటలు మేడ మీద ప్రోగ్రాం దొరికింది. ఇంట్లో ఎవర్నీ రావొద్దంది, భయమంట. మా వాడు యార్డులో పనుందని గుంటూరు పొయ్యాడు. మర్నాడు మధ్యాన్నం ఇంటికొచ్చి, చొక్కా ఇప్పి కొక్కేనికి తగిలించి, అన్నానికి కూచున్నాడు.

"గుంటూరులో పనైందా?" అంది రామలక్ష్మి.

"గుంటూరు పోలా. విజయవాడ పొయ్యా."

ఆమె కంచం పెట్టటం ఆపింది. "పిల్ల చూసిందా నిన్ను?"

"చూళ్ళా. చివరి వరసలో కూచున్నా. మన బజారు సంగతే చెప్పింది. ఏడిళ్ళనే చెప్పింది."

"నవ్వారా?"

"కుర్చీలు కదిలినయ్." అన్నం కలుపుకున్నాడు. ముద్ద ఎత్తి మళ్ళీ దించాడు. "మూడో వరసలో ఒకడు నవ్వలా. నీలం చొక్కా. మొదట్నుంచీ చూస్తన్నా, చేతులు కట్టుకుని అట్టానే కూచున్నాడు. ఏ ఊరోడో, ఎవరి తాలూకో కనుక్కోవాల."

"కనుక్కుని? నవ్వకపోతే కొడతావా ఏంది?"

"కొట్టటమెందుకు? అడుగుతా. మా పిల్ల వైపు నుంచి నీకేం లోటు జరిగింది నాయనా అని."

వాడు నిజంగానే అడుగుతాడు. వాడి మొహం చూస్తే తెలిసింది. రామలక్ష్మి గోడ వైపు తిరిగింది, ఆమె భుజాలు ఊగుతున్నయ్. నేను కండవా భుజానేసుకుని లేచా. వాడి ఎదురుగా నవ్వితే బాధపడతాడు. కల్లం ఊడ్చేసి ఖాళీగా ఉంది. అక్కడిదాకా ఆపుకుని పొయ్యి నవ్వుకున్నా.